పొరుగువారి పూచీ

తెలుగులో శరణార్థిని ‘కాందిశీకుడు’ అని కూడా అంటారు. ‘ఏ దిక్కుకు పోదును?’ అనే అర్థం గల సంస్కృత వాక్యం నుండి పుట్టిన మాట ఇది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు కట్టుబట్టలతో స్వదేశానికి తరలివచ్చిన తెలుగువారికి ఈ మాటలోని వేదన అనుభవైకవేద్యం. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది ప్రభుత్వాలేనని మనం సాధారణంగా భావిస్తాం. కాని ఒక వీధిలోని ఇరుగుపొరుగువారు సైతం చెప్పగలరని కెనడా ప్రజలు చాటారు.

1978లో అమలులోకి వచ్చిన వలస చట్టం ఆ దేశంలో ఒక కొత్త మార్గాన్ని తెరిచింది. అయిదుగురు పౌరులు కలిసి ఒక శరణార్థి కుటుంబానికి సంవత్సరకాలం పూచీపడే వీలు కలిగింది. మరుసటి ఏడాదే దానికి పరీక్ష ఎదురైంది. వియత్నాం, లావోస్, కంబోడియాల నుండి లక్షలాది ప్రజలు ప్రాణాలు అరచేత పెట్టుకొని తరలిపోసాగారు. వారిలో ఎందరో చిన్న పడవలలో సముద్రం పాలైనారు. ఒట్టావా నగర మేయరు మారియన్ డ్యూయర్ నాలుగువేలమందిని తమ నగరమే ఆదరించగలదని ప్రకటించారు. పిలుపునందుకొని వేలాది పౌరులు సభకు తరలివచ్చారు. 1979, 1980 సంవత్సరాలలో కెనడా చేరిన సుమారు 60,000 మందిలో సగానికి పైగా ఇటువంటి పౌరబృందాల పూచీతో వచ్చినవారే. 1986లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే నాన్సెన్ పతకం కెనడా ప్రజలందరికీ కలిపి లభించింది. ఇదే దేశం 1939లో ‘సెయింట్ లూయీ’ నౌకలోని యూదు శరణార్థులకు ఆశ్రయం నిరాకరించిందన్న సంగతి కూడా మరువరాదు.

పూచీ అంటే ధనసహాయం మాత్రమే కాదు. అతిథులు రాకముందే ఇల్లు వెదకాలి. వంటపాత్రలు, పరుపులు, గడ్డకట్టే చలికి తగిన దుస్తులు సమకూర్చాలి. వచ్చిన తరువాత పిల్లలను బడిలో చేర్చాలి, బ్యాంకు ఖాతా తెరిపించాలి, ఏ బస్సు ఎటు పోతుందో వెంటబోయి చూపాలి. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే, భాష రాని తల్లి ఎవరిని పిలవాలి? బృందంలో ఒకరి ఫోను నంబరు ఆ ఇంటి గోడమీద ఉండడం, ఏ చట్టమూ వివరించలేని ధైర్యం.

అయితే ఉపకారి మనసులో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఏమి వండుకోవాలో, సొమ్ము ఎలా ఖర్చుపెట్టాలో కూడా తానే నిర్ణయించాలనిపిస్తుంది. నిన్నటి వరకు సొంత ఇంటికి యజమానియైన మనిషికి ఇది ఆకలికన్న కష్టం. అందుకే అనుభవజ్ఞులైన బృందాలవారు ‘పదమూడవ నెల’ను తలచుకొంటూ పనిచేస్తారు. పూచీ గడువు తీరే ఆ నెలలో కుటుంబం తన కాళ్ళమీద నిలబడాలంటే, మొదటి నెల నుండే నిర్ణయాలు దానికి వదలాలి.

నోవాస్కోషియా రాష్ట్రంలో ఆంటిగొనిష్ అనే చిన్న పట్టణం ఉంది. సిరియా రాజధాని డమాస్కస్‌లో చాక్లెట్ల కర్మాగారం నడిపిన హదాద్ కుటుంబం, 2012లో అది బాంబుదాడికి నేలమట్టం కాగా లెబనాన్‌కు తరలిపోయింది. ఆంటిగొనిష్ పౌరబృందం పూచీపడగా, 2015 డిసెంబరులో కుమారుడు తారెక్, కొద్ది వారాలకు తల్లిదండ్రులు అక్కడికి చేరారు. తండ్రి ఇసామ్‌కు ఇంగ్లీషు రాదు; చాక్లెట్ చేయడం మాత్రం వచ్చు. ఇంటి వంటగదిలో తయారుచేసినవి స్థానిక సంతలో అమ్ముడుపోయాయి. ఊరిలోని వడ్రంగులు, విద్యుత్ పనివారు తలా ఒక చేయి వేసి చిన్న కర్మాగారం లేపారు.

అది తెరవడానికి ముందే, 2016 మే నెలలో, అల్బర్టా రాష్ట్రంలోని ఫోర్ట్ మెక్‌ముర్రే పట్టణాన్ని కార్చిచ్చు చుట్టుముట్టింది. 80,000 మందికి పైగా ఇళ్ళు వదలి పోవలసివచ్చింది. కెనడాకు వచ్చి అర సంవత్సరమైనా నిండని హదాద్ కుటుంబం తమ చాక్లెట్ల లాభాన్ని ఆ బాధితులకు పంపింది.