షిఫ్టు డ్యూటీ ఇంట్లో ఆఫ్రికన్ సిక్లిడ్‌లు

బాలాపూర్, మామిడిపల్లి, పహాడీషరీఫ్ వైపు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి షిఫ్టుల్లో పోయేవాళ్లలో అక్వేరియం మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఈ సలహా. ఆఫ్రికన్ సిక్లిడ్‌ల రంగులు చూసి మనసుపడి తెచ్చుకుంటారు. నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి ఒక చేప తోక చిరిగి, ఫిల్టర్ పక్కన మూలకు నక్కి ఉంటుంది. పగలు మీరు నిద్రపోవాలి, సాయంత్రం మళ్లీ డ్యూటీ. ట్యాంకు ముందు కూర్చుని కాపలా కాసే తీరిక మీకు లేదు. అందుకే మీరు ఇంట్లో లేని గంటల్లో కూడా చేపలు ఒకదాన్నొకటి చంపుకోకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి. అందులో ముప్పాతిక వంతు పని చేపలు కొనకముందే అయిపోవాలి.

మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి మలావీ సరస్సు చేపలు. వాటిలో ఎంబూనా రకాలు రాళ్ల మధ్య బతుకుతాయి, రాళ్ల మీది పాచి తింటాయి. మగచేప ఒక రాతిసందును సొంతం చేసుకుని, ఇంకో మగచేపను దగ్గరికి రానివ్వదు. సరస్సులో ఓడిన చేప కొంచెం దూరం ఈదిపోతే గొడవ అక్కడితో ముగుస్తుంది. గాజు గోడల మధ్య అది ఎక్కడికి పోతుంది? తరిమే చేప తరుముతూనే ఉంటుంది.

చాలామంది పొరపడేది లెక్క దగ్గర. తక్కువ చేపలుంటే గొడవ తక్కువని రెండడుగుల ట్యాంకులో ఐదారు చేపలు వేస్తారు. ఎంబూనాలకు ఇంతకంటే చెడ్డ లెక్క లేదు. అందులో బలమైనది ట్యాంకంతా తనదే అనుకుని, బలహీనమైనదాన్ని పట్టుకుని వదలదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు, అంటే సుమారు 250 లీటర్లు, తీసుకోండి. అందులో మధ్యరకం ఎంబూనాలు 20 నుంచి 25 వరకు ఉంటే దాడి ఒక్క చేప మీదే పడదు, అన్నింటి మధ్యా చెదిరిపోతుంది. అయితే ఇన్ని చేపలున్నప్పుడు నీరు త్వరగా పాడవుతుంది. ఫిల్టర్ గంటకు కనీసం 1,500 లీటర్లు తిప్పాలి, వారానికోసారి మూడో వంతు నీరు మార్చాలి. వీక్లీ ఆఫ్ రోజున ఒక గంట దీనికి ఇవ్వలేనంటే ఈ చేపల జోలికి పోకండి.

దుకాణంలో అడిగితే "అన్నా, ఇవన్నీ కలిసే ఉంటయి, ఏం కాదు" అంటారు. పిల్లచేపలప్పుడు నిజమే, కలిసే ఉంటాయి. రెండంగుళాలు దాటి మగవాటికి రంగు తిరిగాక అసలు సంగతి బయటపడుతుంది. ఒకే రంగు, ఒకే చారలున్న మగచేపలు ఒకదాన్నొకటి పోటీగా చూస్తాయి. కెన్యీ రకంలో మగది పసుపు, ఆడది నీలం. పసుపు రంగు ఎల్లో ల్యాబ్‌ల మధ్య కెన్యీ మగచేపను వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కెన్యీ, ఆరాటస్ రెండూ మొదటి ట్యాంకుకు వద్దు. ఎల్లో ల్యాబ్, రస్టీ సిక్లిడ్ నెమ్మదైనవి. వీటికి తోడు వేరే రంగులో ఇంకో రకం చాలు. ఒక్కో రకంలో ఏడెనిమిది పిల్లల్ని కొని, పెద్దవయ్యాక ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి మిగిలేలా అదనపు మగవాటిని తీసేయాలి. ఆడచేప గుడ్లను, పిల్లలను సుమారు మూడు వారాలు నోట్లో దాచుకుని తిండి మానేస్తుంది. అలాంటిదాన్ని మగచేప అదేపనిగా తరిమితే బతకదు. జంటగా కొనడం తప్పని చెప్పేది ఇందుకే. పీకాక్ రకాలు అందంగా ఉంటాయి కానీ ఎంబూనాల దూకుడుకు తట్టుకోవు.

రాళ్ల సంగతికి వస్తే మనకు కరువు లేదు, చుట్టూ గ్రానైటే. కొత్తగా పగిలి అంచులు పదునుగా ఉన్నవి వద్దు. రాళ్లను ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు గాజు మీద, కింద పలుచని థర్మోకోల్ పరిచి పేర్చండి. ఈ చేపలు ఇసుక తవ్వుతాయి, ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒరిగి అద్దం పగలవచ్చు. చేపల కంటే ఎక్కువ సందులుండాలి. ఒక చివర నుంచి చూస్తే ఇంకో చివర కనబడకూడదు.

వీటికి క్షారగుణం ఉన్న గట్టి నీరు కావాలి, పీహెచ్ 7.8 నుంచి 8.6 వరకు. బోరు నీరు తరచూ సరిపోతుంది, అయినా కిట్‌తో ఒకసారి పరీక్షించుకోండి. ఆర్వో నీళ్లు పోయడం డబ్బు దండగ. నల్లా నీటికి యాంటీక్లోరిన్ తప్పనిసరి.

గొడవ మొదలైందని ఎలా తెలుస్తుంది? నీటి పైనే వేలాడే చేప, రెక్కలు ముడుచుకున్న చేప, తిండికి రాని చేప కనబడితే అదే రోజు కదలండి. దెబ్బలు తిన్నదాన్ని మాత్రమే తీసేస్తే తరిమే చేప ఇంకోదాన్ని వెతుక్కుంటుంది. ముందు తరిమేదాన్నే పట్టి వేరే ట్యాంకులో నాలుగైదు రోజులు ఉంచండి, ఈలోగా రాళ్లన్నీ మార్చి పేర్చండి. తిరిగి వేసేసరికి దాని పాత చోటు ఉండదు, పెత్తనం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి. గాయపడినదాన్ని కూడా గాయం మానేదాకా విడిగా ఉంచాలి. కొత్త చేపల్ని రెండు మూడు వారాలు విడిగా చూశాక, రాళ్లు మార్చి, లైటు ఆర్పి, నాలుగైదింటిని ఒకేసారి వేయండి. ఒంటరిగా వేసిన కొత్త చేపకు ఆ రాత్రే గండం.

లైటుకు టైమర్ పెట్టి రోజుకు ఎనిమిది గంటలు వెలిగించండి. డ్యూటీ మారినా వాటి పగలు, రాత్రి మారకూడదు. స్పైరులినా ఉన్న మేత కొద్దిగా చాలు. మాంసం ఎక్కువైన మేతతో ఎంబూనాలు పొట్ట ఉబ్బి చనిపోవచ్చు. డబుల్ డ్యూటీ పడి ఒకరోజు మేత తప్పినా పెద్ద చేపలకు ఏమీ కాదు. ఇంట్లో అమ్మనో తమ్ముడినో వేయమంటే ఒక పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఇవ్వండి.

మే నెల వేడిలో నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపల చిరాకు పెరుగుతుంది. మూత తీసి జాలీ వేసి నీటి మీద చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మీరు డ్యూటీలో ఉండగా కరెంటు పోతే ఇన్ని చేపలున్న ట్యాంకు ఎక్కువసేపు ఆగదు కాబట్టి, దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పెట్టుకోండి.

అదనపు మగచేపలు మిగులుతాయి. వాటిని బాలాపూర్ చెరువులోనో ఇంకే చెరువులోనో వదలకండి. మొజాంబిక్ తిలాపియా కూడా ఆఫ్రికన్ సిక్లిడే, 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు ఎన్నో చెరువుల్లో నాటు చేపల చోటు ఆక్రమించింది. పెద్దయ్యాక తిరిగి తీసుకుంటారా, మారకానికి ఇస్తారా అన్నది చేపలు కొనేనాడే దుకాణదారుడితో మాట్లాడుకోండి.