చిత్రకారుని చేతిలో పట్టకం

పాఠ్యభాగ పరిచయం

చిత్రలేఖనం తెలియనివారు సైతం ఎదుటి దృశ్యాన్ని కాగితంపై యథాతథంగా దించుకొనడానికి 19వ శతాబ్దపు ఆరంభంలో ఒక చిన్న పరికరం వెలువడింది. దాని పేరు కెమెరా లూసిడా. మడిచి జేబులో వేసుకొనదగిన ఆ పరికరం యాత్రికులకు, శాస్త్రజ్ఞులకు, శిల్పావశేషాలను పరిశోధించినవారికి అర్ధశతాబ్దంపాటు తోడుగా నిలిచింది. ఛాయాగ్రహణ కళ పుట్టుకకు పరోక్షంగా కారణమయింది. ఆ పరికరం పనిచేసే తీరును, దానిని చేపట్టిన వారి అనుభవాలను ఈ పాఠం వివరిస్తుంది. సాధనానికి, సాధనకు ఉన్న సంబంధమేమిటో విద్యార్థులు ఆలోచించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఒక దృశ్యాన్ని చూడడానికి మనిషి కంటికి రెప్పపాటు కాలం చాలు. అదే దృశ్యాన్ని కాగితంపైకి దించడానికి మాత్రం ఏళ్ల తరబడి అభ్యాసం కావాలి. దూరాన ఉన్నవి చిన్నవిగా, చేరువలో ఉన్నవి పెద్దవిగా కనబడే తీరును పట్టుకొనడం, ఏటవాలు గీతల వంపును సరిగా అంచనా వేయడం తేలికైన పనులు కావు. కంటికి, చేతికి నడుమ ఉన్న ఈ దూరాన్ని తగ్గించడానికి చిత్రకారులు ఎన్నో ఉపాయాలు పన్నారు.

వాటిలో ప్రాచీనమైనది కెమెరా అబ్‌స్క్యూరా. లాటిన్ భాషలో ఈ మాటకు చీకటి గది అని అర్థం. చీకటి గదిలోనికి సన్నని రంధ్రం ద్వారా వెలుతురు ప్రవేశించినప్పుడు, బయటి దృశ్యం ఎదుటి గోడపై తలకిందులుగా కనిపిస్తుంది. రంధ్రం వద్ద కటకాన్ని అమర్చి, గదిని పెట్టెగా కుదించి, చిత్రకారులు దానిని వెంట తీసుకొనిపోయేవారు. 1786 - 1793 సంవత్సరాల మధ్య మన దేశమంతటా పర్యటించి, కోటలను, దేవాలయాలను చిత్రించిన థామస్ డేనియల్, విలియం డేనియల్ ఈ సాధనాన్నే ఉపయోగించారు. అయితే ఆ పెట్టె బరువైనది. దానిలో ఏర్పడే ప్రతిబింబం మసకగా ఉంటుంది. దానిని చూడాలంటే చుట్టూ చీకటి కల్పించుకోవాలి.

ఈ ఇబ్బందులను తొలగించినవాడు విలియం హైడ్ వొలాస్టన్. ఆయన 1766లో ఇంగ్లండులో జన్మించాడు. వైద్యునిగా జీవితం ప్రారంభించి, 1800లో ఆ వృత్తిని విడిచి, పరిశోధనకు అంకితమయ్యాడు. పలేడియం, రోడియం అనే మూలకాలను కనుగొన్నాడు. సూర్యుని వర్ణపటంలోని నల్లని గీతలను 1802లో గుర్తించాడు. లోహాలతోపాటు కాంతి స్వభావాన్ని కూడా లోతుగా ఎరిగిన ఆ శాస్త్రవేత్త 1806లో ఒక చిత్రోపకరణానికి పేటెంటు పొందాడు. చీకటి గదికి ప్రతిగా దానికి వెలుగు గది అనే అర్థం వచ్చేటట్లు కెమెరా లూసిడా అనే పేరు స్థిరపడింది. నిజానికి అందులో గది లేదు, పెట్టె లేదు. ఉన్నదల్లా వేలెడంత గాజు పట్టకం, దానిని మోసే ఇత్తడి కడ్డీ, బల్లకు బిగించే మర. కడ్డీని ఒక గొట్టంలోనికి మరొకటి జారేటట్లు అమర్చేవారు. పని ముగిసిన తరువాత దానిని కుదించి, మడిచి, చిన్న పెట్టెలో భద్రపరచుకోవచ్చు.

ఈ పరికరానికి ఆయువుపట్టు పట్టకమే. దానికి నాలుగు ముఖాలుంటాయి. ఒక కోణం 90 డిగ్రీలు, దాని ఎదుటి కోణం 135 డిగ్రీలు, మిగిలిన రెండు కోణాలు ఒక్కొక్కటి 67.5 డిగ్రీలు. ఎదుటి దృశ్యం నుండి వచ్చే కాంతి నిలువు ముఖం గుండా పట్టకంలో ప్రవేశిస్తుంది. లోపల వెనుక ముఖాలపై వరుసగా రెండుసార్లు పరావర్తనం చెందుతుంది. ప్రతి పరావర్తనంలోను 45 డిగ్రీల చొప్పున దిశ మార్చుకొని, మొత్తంమీద 90 డిగ్రీలు మళ్లి, పైముఖం గుండా కంటికి చేరుతుంది. గాజు సందిగ్ధ కోణం ఇంచుమించు 42 డిగ్రీలు. ఇక్కడ పతన కోణం 67.5 డిగ్రీలు. అందువల్ల వెలుతురు బయటికి పోక సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది. పట్టకానికి అద్దంవలె వెనుక పూత పూయనవసరం లేదు.

రెండు పరావర్తనాలు ఎందుకన్న ప్రశ్న సహజం. ఒకే అద్దాన్ని ఏటవాలుగా నిలిపి చూస్తే దృశ్యం తారుమారుగా కనిపిస్తుంది. మొదటి పరావర్తనం చేసిన మార్పును రెండవది సరిదిద్దుతుంది. అందుచేత చిత్రకారునికి దృశ్యం నిటారుగా, కుడియెడమలు మారకుండా గోచరిస్తుంది.

ఇక్కడ గమనింపదగిన విశేషం మరొకటి ఉన్నది. కెమెరా లూసిడా కాగితంపై ఏ బొమ్మను పడవేయదు. చిత్రకారుడు పట్టకం అంచుకు కన్ను ఆనించి, కిందనున్న కాగితంవైపు చూస్తాడు. కంటిపాపలో ఒక సగానికి పట్టకం నుండి దృశ్యపు కాంతి అందుతుంది. రెండవ సగానికి కాగితం, పెన్సిలు మొన ప్రత్యక్షంగా కనబడతాయి. రెండూ కంటిలో కలిసిపోవడంతో దృశ్యం కాగితం మీదనే పరచుకొన్నట్లు భ్రాంతి కలుగుతుంది. ఆ గీతల వెంట పెన్సిలును నడపడమే చిత్రకారుని పని. పక్కన నిలిచి చూసేవారికి మాత్రం తెల్లని కాగితం తప్ప మరేమీ కనిపించదు. కడ్డీని పొడిగించి పట్టకాన్ని ఎత్తుకు జరిపితే చిత్రం పెద్దదవుతుంది, దించితే చిన్నదవుతుంది.

చెప్పినంత తేలికగా ఈ పని సాగదు. దూరాన ఉన్న కొండ, అడుగు దూరంలోని కాగితం ఒకేసారి కంటికి స్పష్టంగా కనిపించవు. ఈ లోపాన్ని సరిచేయడానికి వొలాస్టన్ పలుచని కటకాలను జతచేశాడు. దృశ్యం మరీ కాంతివంతంగా ఉంటే పెన్సిలు మొన మాయమవుతుంది. కాగితం మరీ వెలుగుతుంటే దృశ్యం మాయమవుతుంది. తల వెంట్రుకవాసి కదిలినా చిత్రం చెదురుతుంది. మనస్సును, శరీరాన్ని నిలుపగలవారికే ఆ పట్టకం వశమవుతుంది.

అటువంటి ఓర్పు కలవారు పలువురు దానిని చేపట్టారు. బ్రిటిష్ నౌకాదళాధికారి బేసిల్ హాల్ 1827, 1828 సంవత్సరాలలో ఉత్తర అమెరికాలో పర్యటించి, కెమెరా లూసిడాతో గీసిన 40 చిత్రాలను 1829లో గ్రంథంగా ప్రకటించాడు. ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దీనిని ఉపయోగించడంలో సిద్ధహస్తుడు. 1834 నుండి 1838 వరకు దక్షిణాఫ్రికాలో నివసించిన కాలంలో ఆయన రాత్రివేళ నక్షత్రాలను పరిశీలించేవాడు, పగటివేళ అడవిపూల రూపురేఖలను పట్టకం సాయంతో గీసేవాడు. ఆ రేఖలకు ఆయన భార్య మార్గరెట్ రంగులద్దేది.

నీలిమందు వ్యాపారానికై కలకత్తా వచ్చి, భారతీయ వాస్తుకళపై మక్కువ పెంచుకొన్న జేమ్స్ ఫెర్గూసన్ కూడా ఈ పరికరాన్ని వెంటబెట్టుకొని మన దేశంలోని ఆలయాలను, గుహలను చిత్రించాడు. తరువాతి కాలంలో అమరావతి స్తూపశిల్పాల గురించి 1868లో ఆయన ప్రకటించిన గ్రంథంలో మాత్రం ఛాయాచిత్రాలు చోటుచేసుకొన్నాయి. పెన్సిలు గీత నుండి ఛాయాచిత్రానికి లోకం మళ్లిన తీరు ఆ ఒక్కని జీవితంలోనే కనబడుతుంది.

ఆ మలుపునకు కారణమైన సంఘటన ఇటలీలో జరిగింది. ఆంగ్లేయుడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ గణితంలోను, ప్రాచీన భాషలలోను పండితుడు. 1833 అక్టోబరులో ఆయన కోమో సరస్సు తీరాన కెమెరా లూసిడాతో దృశ్యాలను గీయ ప్రయత్నించాడు. పట్టకంలో కన్నుంచినంతసేపు సరస్సు, కొండలు అత్యంత మనోహరంగా కనిపించాయి. కన్ను తీసి చూస్తే కాగితంపై మిగిలినవి దిగులు పుట్టించే వంకర గీతలు. లోపం పట్టకానిది కాదని, గీయడం ఎరుగని తన చేతిదని ఆయన గ్రహించాడు. పది సంవత్సరాల కిందట తాను ప్రయత్నించి విడిచిన చీకటి పెట్టె గుర్తుకువచ్చింది. దానిలో పడే ప్రతిబింబం తనంత తానుగా కాగితంపై ముద్రపడి నిలిచిపోతే ఎంత బాగుంటుందన్న ఊహ మెదిలింది.

ఆ ఊహను ఆయన వదలలేదు. స్వదేశానికి తిరిగివచ్చి, 1834లో ఉప్పునీటితోను, వెండి లవణంతోను కాగితాన్ని తడిపి ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1835 ఆగస్టులో తన ఇంటి కిటికీ రూపాన్ని చిన్న కాగితంపై నిలుపగలిగాడు. నేటికీ నిలిచి ఉన్న నెగెటివులలో అతి ప్రాచీనమైనది అదే. 1839 జనవరిలో పారిస్‌లో డాగ్యురే ఛాయాగ్రహణ పద్ధతి వెల్లడి కాగానే టాల్బట్ కూడా తన పద్ధతిని లండన్‌లో ప్రకటించాడు. వెండి లవణాలను కరిగించే హైపో ద్రావణంతో ఛాయాచిత్రాన్ని స్థిరపరచవచ్చునని హెర్షెల్ చూపాడు. టాల్బట్ 1841లో పేటెంటు పొందిన మెరుగైన పద్ధతిలో ఒక నెగెటివు నుండి అనేక ప్రతులు తీయడానికి వీలయింది. చూచి రమ్మంటే కాల్చివచ్చినట్లు, సరస్సు బొమ్మ గీయబోయిన మనిషి లోకానికి ఒక కొత్త కళనే తెచ్చి ఇచ్చాడు. చేయి చక్కగా సాగి ఉంటే ఆయన ఆ దారిన పోయేవాడే కాదు. బొమ్మ చక్కగా రాలేదన్న అసంతృప్తియే ఆ అన్వేషణకు బీజమయింది.

అయితే యంత్రం రాగానే గీత ఓడిపోలేదు. ఇందుకు ఫ్రెడరిక్ కేథర్‌వుడ్ అనుభవమే తార్కాణం. ఆంగ్ల వాస్తుశిల్పియైన ఆయన, అమెరికన్ న్యాయవాది జాన్ లాయిడ్ స్టీఫెన్స్‌తో కలిసి 1839లో మధ్య అమెరికా అడవులలోని కోపాన్ శిథిలాలను చేరాడు. మాయా జాతివారు చెక్కిన శిలాస్తంభాలు అక్కడ చెట్ల నడుమ నిలిచి ఉన్నాయి. వాటిపైని చెక్కడాలు అంతకుముందు ఏ యూరపు చిత్రకారుడు ఎరుగనంత జటిలమైనవి. కేథర్‌వుడ్ బురదలో నిలిచి, కెమెరా లూసిడాతో ఒకసారి, అది లేకుండా ఒకసారి ప్రయత్నించాడు. ఏదీ తృప్తినివ్వలేదు. పట్టకం గీతలను చూపిందే కాని, ఆ గీతలలో ఏది కన్నో, ఏది కిరీటమో, ఏది అలంకారమో చెప్పలేకపోయింది. చెట్లు నరికించి వెలుతురు రప్పించుకొని, ఆ శిల్పాకృతులను మళ్లీ మళ్లీ పరిశీలించిన తరువాతనే ఆయన చేతికి అవి లొంగాయి.

1841లో రెండవసారి వెళ్లినప్పుడు ఆయన వెంట అప్పటికి సరికొత్తదైన డాగ్యురే ఛాయాగ్రహణ యంత్రం కూడా ఉన్నది. ఉష్మాల్ శిథిలాలవద్ద దానిని పరీక్షించి చూశాడు. ఎండలో వెలుగుతున్న భాగాలు, నీడలో మునిగిన భాగాలు రెండూ అందులో చక్కగా అమరలేదు. ఆయన తిరిగి పట్టకాన్ని, పెన్సిలును ఆశ్రయించాడు. ఆ తరువాత ఎండవానలకు అరిగిపోయిన ఎన్నో చెక్కడాల వివరాలు నేడు ఆయన చిత్రాల వల్లనే తెలుస్తున్నాయి.

మన అమరావతి కథ కూడా ఇటువంటిదే. 1816 తరువాత కల్నల్ కాలిన్ మెకంజీ చిత్రకారులు అక్కడి స్తూపశిల్పాలను ఓపికగా చిత్రించారు. ఆ రాళ్లలో కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. పోయిన రాయి రూపం తెలుసుకొనడానికి నేడు మిగిలిన ఆధారం ఆ చిత్రమే. గీత అంటే వినోదం మాత్రమే కాదు, అది సాక్ష్యం కూడా.

ఛాయాగ్రహణం పెరిగినకొలది కెమెరా లూసిడా మరుగున పడింది. సూక్ష్మదర్శినికి జోడించిన రూపంలో మాత్రం అది జీవశాస్త్ర ప్రయోగశాలలలో నిలిచింది. కణాలను, కీటకాల అవయవాలను కొలతలు తప్పకుండా గీయడానికి శాస్త్రజ్ఞులు దానిని వాడారు. 2001లో బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఒక గ్రంథంలో, ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ తన పెన్సిలు చిత్రాలకు కెమెరా లూసిడాను వాడి ఉంటాడని వాదించాడు. కొందరు అంగీకరించారు, కొందరు ఖండించారు. సాధనం వాడినంత మాత్రాన చిత్రకారుని గొప్పదనం తగ్గుతుందా అన్న చర్చ అప్పుడు మళ్లీ రేగింది.

ఆ చర్చకు కోమో సరస్సు, కోపాన్ అడవి చెరొక సమాధానం ఇస్తున్నాయి. టాల్బట్ చేతిలోను, కేథర్‌వుడ్ చేతిలోను ఉన్నది ఒకే విధమైన గాజుముక్క. అది ఒకని చేత వంకర గీతలు గీయించింది, మరొకనికి చరిత్రను రక్షించడంలో తోడ్పడింది. పట్టకం దృశ్యాన్ని కాగితం దాకా తెస్తుంది. అక్కడినుండి దానిని గ్రహించి గీతగా మలచవలసినది మనిషే.

కఠిన పదాలకు అర్థాలు

యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
పరోక్షంగా = నేరుగా కాకుండా
పట్టకం = అనేక ముఖాలు గల గాజు దిమ్మ
ఆయువుపట్టు = ప్రాణాధారమైన చోటు
పతన కోణం = కాంతి కిరణం తలానికి గీసిన లంబంతో చేసే కోణం
భ్రాంతి = లేనిది ఉన్నట్లు తోచడం
సిద్ధహస్తుడు = పనిలో ఆరితేరినవాడు
తార్కాణం = నిదర్శనం
జటిలం = చిక్కైనది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కెమెరా లూసిడా నిర్మాణాన్ని, అది పనిచేసే విధానాన్ని వివరించండి.
2. సాధనం కన్నా సాధన ముఖ్యమని టాల్బట్, కేథర్‌వుడ్ అనుభవాల ఆధారంగా నిరూపించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కెమెరా అబ్‌స్క్యూరాకు, కెమెరా లూసిడాకు గల భేదాలేవి?
2. పట్టకంలో రెండు పరావర్తనాల అవసరమేమిటి?
3. అమరావతి శిల్పాల విషయంలో చిత్రాలు చేసిన మేలేమిటి?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు
1. "గీత అంటే వినోదం మాత్రమే కాదు, అది సాక్ష్యం కూడా."
2. "బొమ్మ చక్కగా రాలేదన్న అసంతృప్తియే ఆ అన్వేషణకు బీజమయింది."

ఈ) విడదీసి సంధి పేరు రాయండి
చిత్రోపకరణం, అత్యంత, శిల్పాకృతి