రైఫిల్ షూటింగ్: నొప్పి లేకుండా నిలబడడం ఎలా?

గురిచూసి కాల్చే ఆటకు మంచి కంటిచూపు ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. నిజానికి మెడ, భుజాలు, నడుము పడే శ్రమ కూడా తక్కువేమీ కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో రైఫిల్ బరువు 5.5 కిలోల వరకు ఉండవచ్చు. 75 నిమిషాల్లో 60 గుళ్ళు కాల్చాలి. లక్ష్యం మధ్యనున్న చుక్క వెడల్పు అర మిల్లీమీటరే! హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. ఇదే పోటీలో 2006లో ప్రపంచ చాంపియన్ అయిన అభినవ్ బింద్రా, వెన్నునొప్పి వల్ల ఆ ఏడాది దోహా ఆసియా క్రీడలకు దూరమయ్యారు. కోలుకొని 2008లో బీజింగ్‌లో స్వర్ణం సాధించారు.

బరువును ఎముకలు మోయాలి

కండరాలు అలసిపోతే వణుకుతాయి. కనుక రైఫిల్ బరువు చేతి కండరాల మీద నిలవకుండా, ఎముకల మీదుగా పాదాలకు దిగాలి. కుడిచేతి వాటం గలవారు ఎడమ పక్క లక్ష్యం వైపు ఉండేలా నిలబడాలి. పాదాల మధ్య సుమారు భుజాల వెడల్పంత ఎడం ఉంచి, ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద గానీ పక్కటెముకల మీద గానీ ఆనించాలి. నడుము కొంత వెనక్కి వంగక తప్పదు. అయితే అతిగా వంచి, మెలితిప్పితే వెన్నుపూసలపై ఒత్తిడి పెరుగుతుంది.

రైఫిల్ మీకు సరిపోవాలి

తలను వంచి రైఫిల్ దగ్గరకు తీసుకుపోకూడదు. తల నిటారుగా ఉండగానే గురి కంటికి ఎదురుగా రావాలి. అందుకు చెంప ఆనించే చెక్కను, భుజానికి ఆనే బట్‌ను కోచ్ సహాయంతో సరిచేసుకోవాలి. బట్ మరీ పొడవైతే శరీరం వెనక్కి వాలుతుంది. మరీ పొట్టిదైతే మెడ, భుజం ముడుచుకుపోతాయి. క్లబ్ రైఫిల్‌ను పలువురు వాడతారు గనుక మీ కొలతలను పుస్తకంలో రాసుకోండి. ఎదిగే పిల్లలకు కొన్ని నెలలకొకసారి వీటిని మార్చాలి. జాకెట్ ఒంటికి ఆసరాగా ఉండాలి గాని ఊపిరికి అడ్డు కాకూడదు.

చిన్న పరీక్ష

గుండు లేని రైఫిల్‌ను లక్ష్యం వైపే ఉంచి గురి చూడండి. కళ్ళు మూసుకొని రెండు మూడుసార్లు ఊపిరి తీసి వదలండి. కళ్ళు తెరిచేసరికి గురి పక్కకు జరిగి ఉంటే, చేతులతో లాగకండి. పాదాలను కొద్దిగా జరిపి మళ్ళీ చూడండి. చేతులతో లాగి నిలిపిన గురి కొద్దిసేపే నిలుస్తుంది. ఆ బిగువు మాత్రం వంటిలో మిగిలిపోతుంది.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

విశ్రాంతి తీసుకున్నా తగ్గని నడుమునొప్పి, కాలిలోకి పాకే నొప్పి, చేతివేళ్ళ తిమ్మిరి ఉంటే సాధన ఆపి డాక్టరుకు చూపించండి. కాలు పట్టుతప్పినా, మూత్రంపై అదుపు పోయినా వెంటనే ఆసుపత్రికి రావాలి. జాకెట్ బిగించి, నొప్పి మాత్ర మింగి పోటీకి దిగవద్దు. తల్లిదండ్రులారా, పిల్లలు నడుము నొప్పి అంటే బద్ధకమని కసరకండి. ముందు రైఫిల్ కొలతలు సరిచూపించండి.