మనస్సునకు పదును



శరీరమునకు వ్యాయామ మెట్లో, మనస్సునకు నభ్యాస మట్లే యావశ్యకమని పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటను మనమందఱము వినియున్నాము. కాని పరీక్షాఫలితములు వెలువడు దినమునకు ముందుగా దీనిని తలపోయువారు మనలో నరుదు. ఆ దినమున కొందఱు బాలురు నవ్వుచు నిండ్లకు బరుగెత్తుదురు. కొందఱు ఇంటి వాకిలి చేరుటకు వెఱచి, చీకటి పడువఱకు నెక్కడనో తిరుగుదురు. అట్టివారిలో నొకనిని మేము వెదకికొని వచ్చిన రాత్రి మాకింకను జ్ఞాపకమున్నది. గణితమున నాలుగు మార్కులు తక్కువైనందున నిక తన బ్రతుకు ముగిసినదని యాతడు తలంచియుండెను. సప్లిమెంటరీ పరీక్ష యొకటి కలదని వానికి దెలియక కాదు. తెలిసినదానిని తలంచుకొనుటకు ఆ గడియలో వాని మనస్సునకు శక్తి చాలలేదు. ఆ శక్తి యెట్లు కలుగునో యీ వ్యాసమున విచారింతము.

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు దారి సుమారు 40 కిలోమీటర్లు. తూర్పున నల్లమల కొండలు కనబడుచుండును. నడుమ శిరివెళ్ల తగులును. ఈ ప్రాంతమున విస్తారముగా నున్నది నల్లరేగడి నేల. కాలువ నీరందని చేలలో మన రైతులు వానకాలపు చివర జొన్నయు శనగయు విత్తుదురు. అటుపిమ్మట వాన కురియకున్నను, నేలలో నిలిచిన పదునుతోనే పైరు చాలవఱకు పెరుగును. ఆ పదును విత్తిన దినమున వచ్చినది కాదు. వేసవిలో దుక్కి దున్ని నేలను విప్పియుంచిన రైతు చేనిలో వాననీరు లోనికింకును. దున్నని చేనిలో నది పైపైనే పాఱిపోవును. రెండు చేలపైనను గురిసినది యొకటే వాన.

గత సంవత్సరము మేము కొందఱు విద్యార్థులతో ఆళ్లగడ్డకు బోయి, అచ్చటి శిల్పుల పనిశాలలను జూచితిమి. ఆ యూరి రాతిశిల్పములు మన రాష్ట్రమందే కాక వెలుపల గూడ పేరెన్నికగన్నవి. ఇప్పుడు యంత్రములు వచ్చినను, ముఖమును, వ్రేళ్లను, నగలను దీర్చుటకు ఉలియే కావలయును. రాయి గట్టిది, ఉలి మొన త్వరలో మొద్దువాఱును. కావున మొద్దువాఱిన యులులను కొలిమిలో గాచి, మొన సాగగొట్టి, నీట ముంచి పదును పెట్టుట వారికి నిత్యకృత్యము. మాలో నొక బాలుడు, “తాతా, చెక్కుచుండగా రాయి పగిలినచో నేమి చేయుదురు?” అని యడిగెను. ఆ వృద్ధశిల్పి నవ్వి, “పగిలిన తావు వఱకు కొలిచి చూతుము నాయనా. మిగిలిన రాతిలో నే బొమ్మ పట్టునో దానిని చెక్కుదుము” అనెను. రాయి పగులక మానునని యాతడు చెప్పలేదు. పగిలిన పిమ్మట మొదట చేయవలసిన పని యేదో యాతని చేతులకు దెలిసియున్నది.

నేల తేమకును, ఉలి వాడికిని మన భాషలో నొక్కటే మాట: పదును. రెండును కష్టము వచ్చిన దినమున దొరకునవి కావు, ముందుగా గూర్చుకొనవలసినవి. మనోధైర్యమును నిట్టిదే. దీనిని గూర్చుకొనుటకు దగిన నాలుగభ్యాసములను క్రింద వివరించుచున్నాము.

మొదటిది, వేఱుపఱచుట. ఎపిక్టెటస్ అను గ్రీకు తత్త్వవేత్త బానిసగా జన్మించినవాడు. మన చేతిలో నున్నదియేది, లేనిదియేది యని వేఱుచేసికొనుటయే ఆతని బోధకు మూలము. మన రైతు దీనిని గ్రంథము చదువకయే యెఱుగును. వాన యాతని చేతిలో లేదు, దుక్కి యున్నది. విద్యార్థి చేతిలో ప్రశ్నపత్రము లేదు. నేటి సాయంకాలపు గంట యున్నది. చింత కలిగినపు డొక కాగితమును రెండుగా మడచి, ఒకవైపున జేతిలో నున్నవానిని, రెండవవైపున లేనివానిని వ్రాసికొనుడు. పిమ్మట మొదటివైపున నున్న యొక పనికి బూనుకొనుడు.

రెండవది, తనతో దాను సత్యము పలుకుట. “నాకు గణితము రాదు” అను మాట తీర్పు. “ఈ లెక్క నాకింకను రాలేదు” అను మాట సమాచారము. మొదటిది తలుపు మూయును. రెండవది యే యధ్యాయమును మరల చదువవలయునో చెప్పును. దుఃఖములో మనస్సు “ఎల్లప్పుడును”, “ఎన్నటికిని”, “అందఱును” అను మాటలను విరివిగా వాడును. అవి వినబడినపు డెల్ల, ఇది నిజమేనా యని యొకసారి యడుగుట యలవాటు చేసికొనవలయును.

మూడవది, చిన్నపనిని ప్రతిదినము నొకే వేళ జేయుట. 2010లో ప్రకటింపబడిన లండను పరిశోధన యొకదానిలో 96 మంది పాల్గొనిరి. ఒక పని యలవాటుగా స్థిరపడుటకు సగటున 66 దినములు పట్టునని తేలినది. కాని వ్యక్తిని, పనిని బట్టి యది 18 దినముల నుండి 254 దినముల వఱకు మాఱెను. నడుమ నొకనాడు తప్పినంతమాత్రమున యలవాటు చెడదనియు గనిపెట్టిరి. కావున వారములో ఫలితము కనబడలేదని విడువవలదు. ఒకనాడు తప్పినదని నిరాశ పడవలదు. నిద్రయు నిట్టి నియమములలో నొకటి. పరీక్షలకు ముందు రాత్రులు మేల్కొని చదివినవాడు అలసిన మనస్సుతో కష్టము నెదుర్కొనవలసివచ్చును.

నాలుగవది, భారమును దాచకుండుట. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు విద్యార్థులచే నాలుగు దినములు, దినమునకు 15 నిమిషముల చొప్పున తమకు కలిగిన బాధలను వ్రాయించెను. జరిగినదానిని, దానివలన గలిగిన భావమును గూడ వ్రాసినవారు తరువాతి మాసములలో వైద్యశాలకు దక్కువగా బోయిరి. పిదప జరిగిన పరిశోధనలలో ఫలితము అందఱికి నొకే రీతిగా గనబడలేదు. అయినను వ్రాయుటకు గావలసినది యొక పుస్తకము, ఒక కలము మాత్రమే.

ఇచట నొక మాట స్పష్టముగా జెప్పవలసియున్నది. ధైర్యమనగా నొంటరిగా భరించుట కాదు. 1876–78 నాటి మహాక్షామమున మన సీమలో నసువులు బాసినవారు ధైర్యము లేనివారు కారు, తిండి లేనివారు. అంతకు ముందు 1866లో కఱవు వచ్చినపుడు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు విప్పి యన్నార్తులకు దిండి పెట్టినందుననే యీ ప్రాంతమున నేటికిని ఆయన పేరు పాటలలో వినబడుచున్నది. కొన్ని కష్టములు ఒక్కరి యభ్యాసమునకు లొంగవు; వానికి మఱియొకరి చేయి కావలయును. కావున దుఃఖము దినములు గడచినను దీఱకున్నచో, నిద్రాహారములు తప్పినచో, ప్రాణము మీద విరక్తి తోచినచో, వెంటనే తల్లిదండ్రులకో ఉపాధ్యాయునకో చెప్పుడు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు. అడుగుటయు ధైర్యమే.

తల్లిదండ్రులకును మాదొక విన్నపము. బిడ్డ యింటికి వచ్చిన గడియలో మీ నోట వెలువడు మొదటి మాట మా పాఠములన్నిటికంటె బలమైనది. ఆ రాత్రి మేము బాలుని దోడ్కొనిపోగా, తల్లి వాకిట నిలిచియుండెను. మార్కుల నడుగలేదు, పొరుగింటి పిల్లవాని పేరెత్తలేదు. “రా నాయనా, అన్నము చల్లారుచున్నది” అని మాత్రమనెను. వాడు తలవంచుకొని లోనికి బోయి, కంచము ముందు గూర్చుండెను. మఱునాడు ఉదయమున తప్పిన లెక్కలు పట్టుకొని మా యొద్దకు వచ్చెను.

విద్యార్థులారా, ఈ నాలుగింటిలో నొకదానిని నేటి రాత్రియే ప్రారంభింపుడు. ఎండకాలమే దుక్కికి దగిన కాలము. సంవత్సరాంతమున మరల నీ పత్రిక మీ చేతికి వచ్చునపుడు, మీ మనస్సునకు బదును చేరినదో లేదో మీరే చెప్పగలరు.