మాదకద్రవ్య దాస్యము

పరమేశ్వరుడు మానవునకు ప్రసాదించిన వరములలో వివేకము మొదటిది. దేహమును బంధించు సంకెల కంటికి గనబడును. వివేకమును బంధించు సంకెల కనబడదు. నల్లమందు, గంజాయి, హెరాయిను మున్నగునవి యట్టి సంకెలలు. వాని స్వభావమును, వ్యాప్తిని, తద్విషయమున గృహస్థుల ధర్మమును ఇచట విచారింతము.

గసగసాల కాయకు గాటుపెట్టగా స్రవించు పాలు గట్టిపడి నల్లమందగుచున్నది. దానినుండి మార్ఫీనును, మార్ఫీనునుండి హెరాయినును పుట్టినవి. 1898వ సంవత్సరమున నొక జర్మను కంపెనీవారు హెరాయినును దగ్గుమందుగా విక్రయించిరి. వైద్యుని చేత నౌషధమైనది వ్యసనపరుని చేత విషమగును. మొదట గోరంత చాలును. పిమ్మట కొండంతయు చాలదు. మానినచో ఒడలినొప్పులు, వాంతులు, నిద్రలేమి బాధించును. కొంతకాలము మాని మరల పూర్వపు మోతాదునే పుచ్చుకొన్నవాడు ఊపిరి మందగించి మరణింపవచ్చును.

గంజాయి సాధువులును సేవించునదే కదా, దోషమేమి యని కొందఱందురు. బాల్యవివాహమును ప్రాచీనాచారమే, ప్రాచీనత ధర్మమునకు ప్రమాణము కానేరదు. 1893-94 సంవత్సరముల గంజాయి విచారణ సంఘమువారు మితసేవనము ప్రాయికముగా హానికరము కాదనిరి. అతిసేవనము హానికరమని వారును అంగీకరించిరి. అయితే మితమును నిర్ణయింపవలసినది వివేకము; మత్తు ముందుగా మందగింపజేయునది ఆ వివేకమునే.

ఇక వ్యాప్తి. కేంద్రప్రభుత్వము 2019వ సంవత్సరమున ప్రకటించిన పరిశీలన ప్రకారము దేశమున సుమారు 3 కోట్ల 10 లక్షలమంది గంజాయి, భంగు మున్నగువానిని, 2 కోట్ల 26 లక్షలమంది నల్లమందు జాతి ద్రవ్యములను వాడినవారు. మన విశాఖ మన్యమున గంజాయి తోటలను పెల్లగించుటకు 2021వ సంవత్సరమున పోలీసువారు ‘పరివర్తన’ యను పేర గొప్ప ప్రయత్నము చేయవలసివచ్చెను. ఇది పరుల గృహములకు మాత్రమే పట్టిన చీడ యని మనము నిశ్చింతగా నుండరాదు.

మర్యాదస్థుల యిండ్లలో ఈ వ్యాధికంటె దీనిని దాచుటయే యెక్కువ కీడు చేయుచున్నది. కుమారుడు వ్యసనమున చిక్కెనని తెలిసినతోడనే తండ్రి పరువుకొఱకు తలుపులు మూయును. తల్లి అడిగినంత ధనమిచ్చును. బంధువులు ‘పెండ్లి చేసిన కుదురుకొను’నని హితవు చెప్పుదురు. అన్నెము పున్నె మెఱుగని యొక కన్యక జీవితమును మందుగా నూరిపోయుటకంటె క్రూరమేమి కలదు? రోగము పోదు, రోగికి తోడు మఱియొక ప్రాణి బలియగును.

న్యాయస్థాన భయముచేత దాచుచున్నామందురా? శాసనమును చదువుడు. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టములోని 27వ సెక్షను సేవించినవానిని శిక్షించును. కాని 64ఏ సెక్షను ప్రకారము, సేవనమునకు గాని స్వల్ప పరిమాణమునకు గాని అభియుక్తుడైన వ్యసనపరుడు, ప్రభుత్వము నడుపు లేక గుర్తించిన వైద్యశాలయందు స్వచ్ఛందముగా చికిత్స పొందినచో ప్రాసిక్యూషనుకు గురికాడు. చికిత్సను నడుమ విడిచిన ఆ రక్షణ పోవచ్చును. శాసనమే తలుపు తెఱచియుండగా మనము మూయనేల?

కావున సోదరులారా! వ్యసనపరుని దూషింపక వైద్యునియొద్దకు తోడుకొనిపొండు. 14446 అను ఉచిత టెలిఫోనునకు విన్నవింపుడు. స్వస్థుడగువఱకు వివాహప్రసక్తి తలపెట్టకుడు. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు మద్యపాన నిషేధమును, శీలశుద్ధిని బోధించిన యీ సీమలో మనము మౌనము వహించుట తగదు. పతితుని చేయిపట్టి లేవనెత్తుటయు ఈశ్వరోపాసనమే.