నిదానం పాటకు నిండు స్వరాలు



పదో తరగతి అక్కల వీడ్కోలుకు నేను ఒక పాట కట్టినాను. వరుస మా యాడిది (అమ్మది). తాండాలో పాపను నిద్రపుచ్చేటప్పుడు ఒక్కో స్వరాన్ని చానాసేపు లాగి పాడేది. నేను పాడితే మా గదిలో అందరూ "నిద్రొస్తాది, బిరబిరా పాడు" అని నవ్వినారు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది ఏమనగా, తప్పు నిదానంలో లేదు. లాగిన స్వరం కింద నేనేమీ పెట్టలేదు. ఏం పెట్టాలో ఇప్పుడు చెబుతాను.

1. లయ: గోడ గడియారం టిక్కుటిక్కు నిమిషానికి 60. ప్రతి టిక్కుకు ఒక దెబ్బ వేయండి. నాలుగు దెబ్బలకు 4 సెకన్లు. నిమిషానికి 120 దెబ్బలైతే 2 సెకన్లే. నిదానం నడకను విలంబ కాలం అంటారు.

2. కార్డ్: మూడు స్వరాలు ఒకేసారి నొక్కితే కార్డ్. హార్మోనియంలో ఒకటో శ్రుతి పెట్టుకుంటే తెల్లమెట్లే చాలు. ఎడమ చేయి తిత్తికి, కుడి చేయి కార్డ్‌కు. గొంతుతో పై 'స' పట్టుకోండి. కింద నాలుగేసి దెబ్బలు ఇవి నొక్కండి:

స గ ప – ద స గ – మ ద స

మూడింట్లోనూ 'స' ఉంది. గొంతు కదలలేదు, అయినా రంగు మారుతుంది. మొదటిది వెలుగు, రెండోది దిగులు. తర్వాత గొంతును 'రి' మీదికి తెచ్చి ప ని రి నొక్కండి. మళ్లీ స గ ప కు వస్తే ఇంటికి చేరినట్టు ఉంటుంది.

3. నిండుదనం: స గ ప కు 'ని', మ ద స కు 'గ' కలిపి చూడండి. బిరబిరా పాడితే ఇది చెవికి అందదు. జడివాన మన చేలమీద పారిపోతుంది, ముసురు అయితే వేరుశనగ వేరు దాకా ఇంకుతుంది కదా!

మన రాగాలకు ఇట్లా కార్డ్‌లు కలిపినవారిలో ఇళయరాజా గారు గొప్పవారు. పల్లెలో పుట్టి, మద్రాసులో ధనరాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. 'సాగర సంగమం' (1983) సంగీతానికి జాతీయ అవార్డు వచ్చింది.

బెంగుళూరు పని నుంచి మా యాడి ఉగాదికి వచ్చినప్పుడు వినిపించినాను. ఆమెకు చదువు రాదు. "వరుస నాదే. పక్కన ఇంకా ఎవరో పాడతాండారు" అనింది. కార్డ్ అంటే అదే.

వీడ్కోలు రోజు ఎవరూ నవ్వలేదు. మీ ఇంటి పాట ఒకటి తెచ్చి ప్రయత్నించండి.

– 9వ తరగతి విద్యార్థిని, కణేకల్