ఇంటికీ బడికీ మధ్య ఎన్ని రోడ్లు?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మేం విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాం. పెద్దమ్మాయి ఏడో తరగతి, బాబు మూడు. ఇద్దరూ నడిచే బడికి వెళ్తారు. సాయంత్రం నాతో రైతుబజారుకొస్తే బాబు సంచీ ఒక చెవి పట్టుకుంటాడు. మావారికి హైదరాబాద్ బదిలీ అయింది. ఆఫీసు రాయదుర్గంలో. జూన్‌లోపు ఇల్లు చూసుకోవాలి. ఆయన స్నేహితులంతా తెల్లాపూర్, కోకాపేట వైపు గేటెడ్ కమ్యూనిటీలు చూడమంటున్నారు. పార్కు, ఈతకొలను అన్నీ లోపలే ఉంటాయట. నాకేమో పిల్లలు ఇక్కడిలా నడిచి తిరిగే చోటు కావాలని ఉంది. హైదరాబాద్‌లో అది అత్యాశేనా?
- ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అత్యాశేం కాదమ్మా. కాకపోతే ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు లోపల ఏమున్నాయో చూపించేవాళ్లే గానీ గేటు దాటాక ఏముందో చూపించేవాళ్లు ఉండరు. అది మీరే చూసుకోవాలి.

గేటెడ్ కమ్యూనిటీలను నేను తీసిపారెయ్యను. మూడో తరగతి పిల్లాడు లోపల సైకిలు తొక్కుకుంటాడు, తల్లికి బెంగ ఉండదు. చిక్కు మీ పెద్దమ్మాయితో. ఇంకో రెండేళ్లలో ఆ పిల్లకి ట్యూషన్, జిరాక్స్ షాపు, స్నేహితురాలి ఇల్లు కావాలి. గేటు బయట వెడల్పాటి రోడ్డు, దాని మీద కట్టడాలకు కంకర తోలే టిప్పర్లు, ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట మట్టి. రెండు వందల గజాల అవతలి కొట్టుకైనా కారు తియ్యాల్సిందే. లోపలి వాకింగ్ ట్రాక్ అంటారా, గానుగ చుట్టూ తిరిగినట్టు తిరగడం ఆరోగ్యానికి మంచిదే, కానీ దానివల్ల పిల్లలు ఎక్కడికీ చేరరు.

మనవాళ్లు ముందు ఆఫీసు చూస్తారు, దాని దగ్గర ఇల్లు చూస్తారు, చివర్లో ఏ బడి బస్సు ఆ వీధికొస్తే ఆ బడిలో వేస్తారు. మీరు తిరగేసి మొదలుపెట్టండి. ముందు బడి, దాని చుట్టూ ఇల్లు. ఆఫీసుకు వెళ్లే పెద్దమనిషి రైలెక్కగలడు, పిల్లలు ఎక్కలేరు. ఎంత దూరం నడిపించవచ్చన్నదానికి 2009 నాటి విద్యాహక్కు చట్టం నియమాల్లోనే కొలత ఉంది. ఒకటి నుంచి అయిదో తరగతి వాళ్లకు కిలోమీటరులోపు, ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు మూడు కిలోమీటర్లలోపు బడి ఉండాలి. ప్రభుత్వం బడులు పెట్టడానికి రాసుకున్న లెక్క అది. ఇల్లు వెతకడానికీ పనికొస్తుంది. బాబు కాళ్లకు కిలోమీటరంటే పావుగంట. పుస్తకాల సంచీ పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. మీ బడి దాన్ని పాటిస్తుందో లేదో చేరేముందే అడగండి. అయిదు కిలోల సంచీతో పావుగంట నడక శిక్ష.

పేరున్న బడి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఓ మోస్తరు బడి పక్క వీధిలో ఉంటే మూడో తరగతి పిల్లాణ్ణి పక్క వీధిలోనే వేస్తాను నేను. ఈ మాటకు నాకు కోపంగా ఉత్తరాలు రాసేవాళ్లున్నారు, రాయనివ్వండి.

ఇక పేటలు. మెట్రో నీలం లైను నాగోలు నుంచి రాయదుర్గం దాకా ఉంది. దాని పొడవునా ఉన్న పాత కాలనీలు చూడండి. అమీర్‌పేట దాటగానే తరుణి స్టేషన్, అదే మధురానగర్. అక్కణ్ణుంచి ఎనిమిదో స్టేషన్ రాయదుర్గం. మధురానగర్, వెంగళరావు నగర్, కల్యాణ్ నగర్ అద్దెలకు తక్కువేం కాదు, బిల్డింగులూ పాతవే. కానీ ఇస్త్రీబండి, మందుల షాపు, పాలబూత్, పార్కు చేతికందే దూరంలో ఉంటాయి. ఇంకా దూరమైనా ఫర్వాలేదంటే తార్నాక, హబ్సిగూడ. మీవారికి రైలు ప్రయాణం ముప్పావుగంట పడుతుంది గానీ మారాల్సిన పని లేదు. కేపీహెచ్‌బీ కాలనీలో రైతుబజారు కూడా ఉంది, మీ బాబుకు సంచీ పట్టుకునే ఉద్యోగం దొరుకుతుంది. అయితే అది ఎర్ర లైను. రాయదుర్గానికి అమీర్‌పేట దాకా వెళ్లి రైలు మారి మళ్లీ వెనక్కి రావాలి. ఆ కాలనీలో ఉంటే హైటెక్ సిటీ వైపు ఫేజుల్లో చూడండి. ఇల్లు, బడి రెండూ 65వ నంబరు జాతీయ రహదారికి ఒకే వైపున ఉండాలి. ఆ రోడ్డు దాటాల్సివస్తే మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతలివైపు దిగండి, టిక్కెట్ అక్కర్లేదు.

ఇల్లు నచ్చాక అడ్వాన్సు ఇవ్వకముందు ఒక పని చెయ్యండి. బడి ఉన్న రోజున, పొద్దున్న ఎనిమిదింటికి, బాబుని వెంటబెట్టుకుని, సంచీ వాడి వీపునే ఉంచి, ఆ ఇంటి గేటు నుంచి బడి గేటు దాకా నడవండి. ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్లు అడ్డులేకుండా ఉండాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం. ఆ మీటర్లలో ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, ఒకచోట టిఫిన్ బండి, ప్రతి ఇంటి ముందూ కారెక్కించడానికి పోసుకున్న సిమెంటు ర్యాంపు. బాబు ఎన్నిసార్లు రోడ్డు మీదకు దిగాడో లెక్కపెట్టండి. దూరం కంటే ఆ అంకె ముఖ్యం. చెత్తకుండీ దగ్గర కుక్కలెన్నో చూడండి. గోడల మీద వాననీటి మరక ఏ ఎత్తున ఉందో చూడండి. కింది ఫ్లోరు వాచ్‌మన్ భార్యను అడిగితే మోకాలిదాకా వచ్చిందో నడుందాకా వచ్చిందో ఉన్నదున్నట్టు చెబుతుంది.

ఆదివారం మాత్రం వెళ్లకండి. నేను అలా మోసపోయాను. చెట్లు, నిశ్శబ్దం, పిల్లలు రోడ్డు మీద క్రికెట్. ముచ్చటపడి ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చాను. సోమవారం తెల్లారేసరికి తెలిసింది, మెయిన్‌రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి ఊళ్లో ఆటోలన్నిటికీ మా వీధే దారని.

ప్రశ్న: టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటున్నాం. మన్‌హాటన్‌లో ఉద్యోగం వచ్చి న్యూజెర్సీకి మారుతున్నాం. పిల్లలు మూడు, ఆరు గ్రేడ్లు. ఇక్కడ పక్క వీధికైనా కారే. అక్కడైనా పిల్లల్ని నడిపించాలని కోరిక. తెలుగువాళ్లున్నారని అందరూ ఎడిసన్ అంటున్నారు. నిజంగా నడవొచ్చా?
- ఫ్రిస్కో పాఠకుడు

జవాబు: ఎడిసన్ అంటే ఒక ఊరనుకోకు బాబూ, కొన్ని ఊళ్లు కలిసిన టౌన్‌షిప్. ఓక్ ట్రీ రోడ్డులో ఉల్లిపాయల దగ్గర్నుంచి పట్టుచీరల దాకా దొరుకుతాయి. కానీ వాటికి వెళ్లేది వారానికోసారి. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి ఎలాగూ కారే. బడి అలా కాదు, రోజూ రెండుసార్లు. అందుకని పిన్‌కోడ్ చూసి కాక వీధి చూసి ఎంచుకో.

చుట్టూ ఎడిసన్, నడుమ చిన్న దీవిలా మెటచెన్ అనే బరో ఉంది. మొత్తం మూడు చదరపు మైళ్లలోపే. మెయిన్ స్ట్రీట్, లైబ్రరీ, న్యూయార్క్ వెళ్లే రైలు స్టేషన్ అన్నీ కాలినడకన అందుతాయి. బడులు తరగతిని బట్టి విడివిడిగా ఉంటాయి కాబట్టి మీ ఇద్దరు పిల్లలూ రెండు వేర్వేరు బిల్డింగులకు వెళ్తారు. రెండు దారులూ చూసుకో. ఇళ్ల ధరలు మాత్రం గుండె చిక్కబట్టుకుని చూడాలి.

న్యూజెర్సీ చట్టం ఒకటి ఇల్లు కొనేవాళ్లు చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. ఎనిమిదో గ్రేడ్ దాకా పిల్లల ఇల్లు బడికి రెండు మైళ్లు దాటి ఉంటేనే ఉచిత బస్సు. హైస్కూలుకైతే రెండున్నర మైళ్లు. అంటే అన్నిటికంటే ఇబ్బంది 1.9 మైళ్ల ఇంటితో. బస్సు రాదు, నడవలేరు, రోజూ కారులో లైన్లో నిలబడాలి. ఇల్లు తీసుకుంటే మైలులోపు తీసుకో, లేదా నిశ్చింతగా రెండు దాటెయ్. ఏ అడ్రసుకు ఏ బడో అమ్మేవాళ్ల ప్రకటన నమ్మకుండా స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి ఇంటి నంబరుతో సహా అడుగు.

క్రాస్‌వాక్‌లో మనిషి ఉంటే కారు ఆగాలి, దాటేదాకా కదలకూడదు అన్నది అక్కడ 2010 నుంచీ చట్టం. రూట్ 1, రూట్ 27 లాంటి రోడ్ల మీద దాన్నొక్కదాన్నే నమ్ముకుని పిల్లల్ని వదలకు. దారిలో క్రాసింగ్ గార్డ్ నిలబడే చోటుందేమో చూడు. సైడ్‌వాక్ హఠాత్తుగా ఎవరి పచ్చిక దగ్గరో ఆగిపోతుంటుంది, అదీ చూడు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. మంచు ఎత్తాల్సింది ఎక్కువ ఊళ్లలో ఇంటి యజమానే, అంటే ఇకనుంచి నువ్వే. పార కొనుక్కో.

ప్రశ్న: మా అబ్బాయివాళ్లు కొత్త ఊరొచ్చారు. తొమ్మిదేళ్ల మనవణ్ణి బడికి దింపడం నా డ్యూటీ. వాడు "తాతా, నేనొక్కణ్ణే వెళ్తాను" అంటున్నాడు. కోడలు వద్దంటోంది. ఏ వయసుకు వదలొచ్చు?
- ఒక తాతయ్య

జవాబు: వయసు కంటే రోడ్డును బట్టి చెప్పాలి అన్నయ్యగారూ. కాలనీ వీధులే అయితే తొమ్మిదేళ్లకు మొదలుపెట్టొచ్చు. మధ్యలో బస్సులు తిరిగే రోడ్డుంటే కోడలిదే సరైన మాట. వచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో ఆ వయసు కళ్లు సరిగ్గా అంచనా వెయ్యలేవు.

ముందు పదిరోజులు దారి వాణ్ణి చూపించమనండి. ఎక్కడ ఆగాలో, ఎటు చూడాలో వాడే మీకు చెప్పాలి. తప్పుచేస్తే ఆపండి గానీ ముందుగా అందించకండి. ఆ తర్వాత పదిరోజులు వాడు ముందు, మీరు పదడుగులు వెనక. మలుపులో వాడు వెనక్కి తిరిగి చూస్తాడు. మీరప్పుడు ఎవరి గోడ మీది పోస్టరో చదువుతున్నట్టు నిలబడండి.